పాత కార్డుకి లోపలి డ్రైవరే దిక్కు

పాత సిస్టమ్‌లో లినక్స్ నత్తలా కదిలితే మనవాళ్లు మొదట అనే మాట "కార్డు పోయిందిరా". చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది, దాన్ని నడిపే డ్రైవరే లోడ్ అవ్వదు. ఈ రెండిటికీ తేడా ఎలా పట్టుకోవాలో ఒక కేసు తీసుకుని చెప్తాను.

పూర్ణా మార్కెట్‌లో మా మావయ్యది కిరాణా హోల్‌సేల్ కొట్టు. అక్కడి కంప్యూటర్‌లో ఉన్నది 2009లో వచ్చిన జీఫోర్స్ 210 కార్డు. అరువు లెక్కలన్నీ అందులోని కాల్క్ షీట్లలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. కెర్నల్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి అక్షరాలు లావుగా వస్తున్నాయి, షీటు కిందికి లాగితే ఆగి ఆగి కదులుతోంది. "ఏట్రా ఇది, పాత సామాన్లోడికి ఇచ్చేద్దునా?" అన్నాడు మావయ్య. ఇచ్చేస్తే లెక్కలూ పోతాయి. అందుకే ముందు ఫైళ్లన్నీ పెన్ డ్రైవ్‌లోకి తీశాను. మీరూ అదే మొదట చెయ్యండి.

తర్వాత టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కె' కొట్టి చూశాను. కార్డు పేరు వచ్చింది. 'కెర్నల్ మాడ్యూల్స్' లైన్‌లో నూవో పేరుంది. కానీ 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైన్ అసలు లేదు. క్లూ ఇదే. కార్డు కనిపిస్తోంది, డ్రైవర్ డిస్క్ మీద ఉంది, కాకపోతే లోడ్ అవ్వలేదు. దాంతో బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది.

ఎందుకు లోడ్ అవ్వలేదు? అంతకుముందు రిపేరు చేసినవాళ్లెవరో ఎన్విడియా 340 వరస డ్రైవర్ వేశారు. అది వేసేటప్పుడు నూవోని బ్లాక్‌లిస్ట్‌లో పెడతారు, ఒకే కార్డుని ఇద్దరు నడపలేరు కాబట్టి. 340కి ఆఖరి విడుదల 2019 డిసెంబర్‌లో వచ్చింది. లినక్స్ కెర్నల్ లోపలి ఫంక్షన్లు మాత్రం మారుతూనే ఉంటాయి. వాటిని మార్చినవాళ్లే కెర్నల్ సోర్స్‌లో ఉన్న డ్రైవర్లన్నిటినీ సరిచేస్తారు, బయట ఉన్నవాటి జోలికి పోరు. కొత్త కెర్నల్ మీద 340 కంపైల్ అవ్వలేదు, నూవోకి తలుపు మూసే ఉంది. ఇద్దరూ లేరు.

నూవో 2010 నుంచీ, అంటే 2.6.33 నుంచీ, కెర్నల్ లోపలే ఉంది. కార్డు ఎలా పనిచేస్తుందో బయటినుంచి గమనించి రాసిన డ్రైవర్ అది. ఫ్రెంచ్‌లో నూవో అంటే కొత్తది. పాత కార్డులకి దిక్కయింది దానికే, పేరు చూస్తే నవ్వొస్తుంది.

చెయ్యాల్సింది ఎక్కువేం లేదు. ఎన్విడియా ప్యాకేజీల్ని పర్జ్ చెయ్యాలి. 'ఈటీసీ'లోని 'మాడ్‌ప్రోబ్ డాట్ డి' ఫోల్డర్‌లో బ్లాక్‌లిస్ట్ లైన్ మిగిలితే తీసెయ్యాలి. పాత 'ఎక్సార్గ్ డాట్ కాన్ఫ్' ఉంటే పక్కన పెట్టాలి. గ్రబ్ సెట్టింగ్స్‌లో 'నోమోడ్‌సెట్' అన్న మాట ఉంటే దాన్నీ చెరిపెయ్యాలి, అదుంటే నూవో లోడ్ అవ్వదు. ఉబుంటు, డెబియన్ అయితే 'అప్‌డేట్ గ్రబ్', 'అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ యు' రన్ చేసి రీబూట్ కొట్టండి.

మావయ్య షీట్లు ఇప్పుడు సాఫీగా కదులుతున్నాయి. గేములు ఆడదామంటే మాత్రం కుదరదు, నూవో ఆ కార్డు స్పీడంతా బయటికి తియ్యలేదు. మీ దగ్గరున్నది జీఫోర్స్ 400, 500 వరస కార్డయితే దాని 390 డ్రైవర్‌కి కంపెనీ సపోర్ట్ 2022తో ఆగింది. కొత్త కెర్నల్ ఎక్కించే ముందు అది చూసుకోండి.