బిమ్ మోడల్‌లో ఎల్‌ఓడీ అంటే ఏంటి? నీట్‌గా కనిపిస్తే సరిపోదు!

ఐఫోన్ 12 ప్రో లైడార్‌తో నా రూమ్ స్కాన్ చేశా. 3డీ మోడల్ అదిరింది. కానీ గోడ ఇటుకదా, కాంక్రీటుదా? దానికి తెలీదు. ఆకారం ఉంది, సమాచారం లేదు.

భవనాల డిజిటల్ మోడల్స్‌లో, అంటే బిమ్‌లోనూ ఇదే తేడా. అందులో ఒక్కో భాగాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది ఎల్‌ఓడీ, అంటే లెవెల్ ఆఫ్ డెవలప్‌మెంట్. ఏసీ డక్ట్‌నే తీసుకుందాం:

• 100: డక్ట్ ఉంటుందన్న గుర్తు మాత్రమే
• 200: సుమారు సైజు, సుమారు చోటు
• 300: కచ్చితమైన సైజు, చోటు
• 350: సపోర్ట్‌లు, పక్క భాగాలతో కనెక్షన్లు కూడా
• 400: తయారీకి సరిపడా వివరం
• 500: సైట్‌లో బిగించాక సరిచూసింది

నేనోసారి 200లో ఉన్న డక్ట్‌ని, నీట్‌గా ఉంది కదా అని నమ్మి కొలతలు తీసుకున్నా. సైట్‌లో అది బీమ్‌కి తగిలింది. డక్ట్ మళ్లీ చేయించాల్సి వచ్చింది!

ఇక మెటీరియల్, ఫైర్ రేటింగ్, వారంటీ లాంటి డేటా ఎంత ఉందో చెప్పేది ఎల్‌ఓఐ. అన్నీ నింపేస్తే ఫైల్ బరువే తప్ప లాభం లేదు. అందుకే ఏ పనికి ఎంత సమాచారం కావాలో ముందే తేల్చుకోమంటుంది ఐఎస్‌ఓ 19650.

కాబట్టి ఫ్రెండ్స్, మోడల్ చేతికొస్తే ముందు లుక్ కాదు, ఎల్‌ఓడీ చూడండి.