ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? – డీబగ్ సమాచారంపై ఒక పాఠం

మా సొసైటీ ఉచిత కంప్యూటర్ తరగతుల్లో సి భాష నేర్చుకునే పిల్లలకు ప్రోగ్రాము రాయడం త్వరగానే పట్టుబడుతుంది. అది ఆగిపోయినప్పుడు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం దగ్గరే చిక్కు. ఈ సంచికలో ఆ ఒక్క విషయమే తీసుకుంటున్నాం.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. జకాత్ పంపకానికి ఒక విద్యార్థి ప్రోగ్రాము రాశాడనుకోండి. వార్డుకు కేటాయించిన సొమ్మును అక్కడ నమోదైన కుటుంబాల సంఖ్యతో భాగించి, ఇంటికి ఎంత వస్తుందో అది చెబుతుంది. పంపకం రోజు జనం వరుసలో నిలబడి ఉండగా ఒక వార్డు దగ్గర ప్రోగ్రాము ఆగిపోయింది. తెర మీద 'ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్' అన్న మాట, లాగ్‌లో 401159 అనే అడ్రస్ తప్ప ఇంకేమీ లేవు. ఈ అంకెను పట్టుకుని, రాసిన వరుస దాకా వెనక్కి వెళ్లాలి.

కంపైలర్ మన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చాక అందులో వరుస సంఖ్యలు ఉండవు, 'కుటుంబాలు' వంటి స్థానిక చలరాశుల పేర్లూ ఉండవు. జీసీసీకి 'మైనస్ జి' అని చెబితేనే ఆ వివరాలన్నీ విడిగా రాసిపెడుతుంది. లినక్స్‌లో ఈ రాతకు వాడే పద్ధతి పేరు డ్వార్ఫ్. దాని అయిదో కూర్పు 2017లో వచ్చింది. ప్రోగ్రాము ఫైలు పద్ధతి పేరు ఎల్ఫ్ కాబట్టి, కథల్లో దానికి తోడుగా ఉండే మరుగుజ్జు పేరు దీనికి సరదాగా పెట్టారు. హదీసు మూలపాఠంతో పాటు అది ఎవరి ద్వారా ఎవరికి చేరిందో చెప్పే సనద్ ఉంటుంది కదా, డీబగ్ సమాచారం అలాంటిదని తరగతిలో చెబుతుంటాం. పోలిక కాస్త దూరమైనదే గానీ పిల్లలకు ఇట్టే అర్థమవుతోంది.

ఇందులో ముఖ్యమైనది వరుసల పట్టిక. 401150 దగ్గర 41వ వరుస, 401156 దగ్గర 42, 401161 దగ్గర 43 మొదలవుతాయని అందులో ఉందనుకోండి. మన 401159 రెండో, మూడో అడ్రస్‌ల మధ్య పడింది కాబట్టి అది 42వ వరుసది. నిజానికి పట్టికను ఇలా పొడుగ్గా దాచరు. దాచితే చాలా చోటు పడుతుంది. 'అడ్రస్ ఇంత ముందుకు, వరుస ఇంత ముందుకు' అనే చిన్న ఆజ్ఞలుగా రాస్తారు. చాలాసార్లు రెండు కదలికలూ ఒకే బైట్‌లో ఇమిడిపోతాయి. డీబగ్గర్ ఆ ఆజ్ఞలను నడిపి పట్టికను మళ్లీ అల్లుకుంటుంది. ఈనాటి ప్రోగ్రాములు చాలావరకు నడిచిన ప్రతిసారీ మెమరీలో వేరే చోట కూర్చుంటాయి. అప్పుడు ముందుగా ఆ మొదలు అడ్రస్‌ను తీసివేసి పట్టికలో చూడాలి.

మరో భాగంలో ఫంక్షన్లు, వాటిలోని చలరాశులు, వాటి రకాలు చెట్టు కొమ్మల్లా అమరి ఉంటాయి. ఏ చలరాశి ఎక్కడుందో కూడా అక్కడే తెలుస్తుంది. కంపైలర్ వేగం కోసం ప్రోగ్రామును చెక్కినప్పుడు ఒకే చలరాశి కాసేపు రిజిస్టర్‌లో, కాసేపు మెమరీలో ఉండి, తర్వాత ఎక్కడా లేకుండా పోవచ్చు. డీబగ్గర్ 'ఆప్టిమైజ్డ్ అవుట్' అంటే అర్థం ఇదే.

ఈ సమాచారం అసలు ప్రోగ్రాము కంటే ఎన్నో రెట్లు పెద్దది కావచ్చు. అందుకే అందరికీ ఇచ్చే ప్రతి నుంచి స్ట్రిప్ ఆజ్ఞతో దాన్ని తీసేస్తారు. తీసేయడంలో తప్పు లేదు. తీసే ముందు ఆబ్జ్‌కాపీతో దాన్ని వేరే ఫైలుగా దాచుకోకపోతేనే ప్రమాదం. 'సోర్స్ ఉందిగా, మళ్లీ కంపైల్ చేద్దాం' అంటారు చాలామంది. కంపైలర్ కూర్పు మారినా, ఒక్క ఆప్షన్ మారినా అడ్రస్‌లు జరిగిపోతాయి. 401159 అప్పుడు వేరే వరుసను చూపించి మనల్ని ఏమార్చుతుంది. పట్టిక లేకపోవడం కంటే తప్పుడు పట్టికే ఎక్కువ నష్టమని మా అభిప్రాయం.

ఈ ఏమరుపాటుకు అడ్డుకట్ట బిల్డ్-ఐడీ. లింకర్ ప్రోగ్రాములో సాధారణంగా 20 బైట్ల గుర్తు వేస్తుంది. స్ట్రిప్ చేసినా అది చెరగదు, దాచిన ఫైలులోనూ అదే ఉంటుంది. డీబగ్ సమాచారం ప్రోగ్రాములోనే లేకపోతే జీడీబీ ఈ గుర్తుతో వెతుకుతుంది: సిస్టమ్ డీబగ్ ఫోల్డరులో గుర్తు మొదటి రెండు అక్షరాలతో ఒక ఉపఫోల్డరు, మిగతా 38 అక్షరాలతో ఫైలు పేరు. అక్కడ లేకుంటే ప్రోగ్రాములో రాసి ఉన్న డీబగ్-లింక్ పేరుతో పక్క ఫోల్డర్లలో చూసి, సీఆర్‌సీ లెక్క సరిపోయిందో లేదో పోల్చుకుంటుంది. ఏర్పాటు చేసి ఉంటే డీబగ్‌ఇన్ఫోడీ సర్వర్‌ను కూడా అడుగుతుంది. విండోస్‌లో పీడీబీ ఫైలుకు, మ్యాక్‌లో డీసిమ్‌కు కూడా ఇలాంటి గుర్తులే ఉంటాయి.

ఫైలు దొరికి 42వ వరుస తేలినా, ఆ వరుసలో ఏముందో డీబగ్గర్ చూపించలేకపోవచ్చు. మామూలుగా డీబగ్ సమాచారంలో సోర్స్ ఉండదు, అది ఉన్న ఫోల్డరు దారి మాత్రమే ఉంటుంది. ఆ దారి రాసిన విద్యార్థి కంప్యూటర్‌ది. 'సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్' ఆజ్ఞతో పాత దారి బదులు మన దారి చెబితే వరుస తెర మీదకు వస్తుంది: సొమ్మును కుటుంబాలతో భాగించే వరుస. ఆగిన క్షణపు కోర్ ఫైలు కూడా దాచి ఉంటే 'ప్రింట్' ఆజ్ఞతో కుటుంబాల విలువ అడగవచ్చు. సున్నా అని వస్తుంది. ఆ వార్డు పేర్లు ఇంకా ఎక్కించలేదు. లెక్కలో దశాంశం ఒక్కటీ లేకున్నా, ఇంటెల్ తరహా యంత్రాలపై పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే లినక్స్ చూపించేది ఆ 'ఫ్లోటింగ్ పాయింట్' మాటే.