పాత నగ చెరిపించే ముందు

రాజోలులో మా నాన్నది కంసాలి కొలిమి, ఆయన తర్వాత నాది. చుట్టుపక్కల రాజుల లోగిళ్లలో పాత నగలు బాగుచేస్తూ తెలుసుకున్న సంగతులివి. పెళ్లీడు పిల్లలున్నవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

1. రాయి సైజు చూడకండి, పనితనం చూడండి. 2001లో నిజాం నగలు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెడితే వెళ్లాను. జనమంతా 184 కేరట్లు దాటిన జాకబ్ వజ్రం చుట్టూ మూగారు. అది మన కొల్లూరు గనిలో పుట్టింది కాదు, దక్షిణాఫ్రికా రాయి. దాన్ని కొనబోయి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోర్టు గొడవలో చిక్కుకున్నారు. ఆయన పోయాక అది చెప్పు మొనలో దొరికిందని, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాలమీద బరువుగా వాడుకున్నారని చెబుతారు. నేను మాత్రం ఏడు పేటల బస్రా ముత్యాల సత్‌లడా దగ్గర నిలబడిపోయాను. అన్ని ముత్యాలను ఏరి, నిగ్గుకు నిగ్గు జతకూర్చినవాడి ఓపికకు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

2. ఫ్యాషన్ మారిందని చెరిపించకండి. పాత అడ్డిగలో రాళ్లను కుందనంతో బిగించేవారు. గూటిలో లక్క నింపి, రాయి కూర్చోబెట్టి, దాని చుట్టూ మేలిమి రేకును సన్న పనిముట్టుతో నొక్కుతూ పోతే ఒక్క కెంపుకే బోలెడు సేపు పట్టేది. ఆ నగ మూసలోకి వెళ్లిందంటే లక్క పోతుంది, అంచు విరిగిన కెంపుల్ని ఎవరూ అడగరు, తరుగు తీసేస్తారు. మిగిలిన బంగారాన్ని చేతిలో పెడితే ఇంతేనా అని మొహం చిన్నబుచ్చుకున్న ఆడపడుచుల్ని ఎందరినో చూశాను. ముందే వద్దని నచ్చజెప్పి వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. కూలి పోయినా నాకదే తృప్తి.

3. ఆపదకు అమ్మితే తప్పు లేదు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా. అప్పుడు కొలిమికొచ్చిన కాసులపేర్లను చూసి నేను ఎవరినీ తప్పుపట్టలేదు. దాచింది అలాంటి రోజుకే.

4. వాటాల కోసం ముక్కలు చేయకండి. కాసులపేరు తెంపి కాసులు లెక్కపెట్టి పంచుకుంటే ఎవరి మెడలోనూ పేరు మిగలదు. ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు వెల కట్టివ్వాలి. నిజాం నగల సంగతే చూడండి. ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952లలో వాటిని రెండు ట్రస్టుల కింద పెట్టారు. తనూ పెద్దకొడుకూ పోయాకే అమ్మాలని షరతు. 1967లో ఆయన, 1970లో ఆ పెద్దకొడుకు ఆజం జా పోయాక బేరాలు, కోర్టులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్లకు కొన్నది. డబ్బు వారసులు పంచుకున్నారు, నగలు చెక్కుచెదరలేదు. మన ఇళ్లలోనూ ఇలా ఎందుకు చేసుకోకూడదు?

5. కాగితంమీద పెట్టండి. బరువు, రాళ్ల లెక్క, ఎవరు ఎవరికి పెట్టారు, ఒక ఫొటో. శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమలేశునికి సమర్పించిన కిరీటం సంగతి గుడిగోడ శాసనాల్లో ఉంది. అంతటి రాజే రాయించుకున్నాడు.

6. ఏడాదికొకసారైనా ఒంటిమీద పెట్టుకోండి. మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి మా ఊళ్ల ఆడవాళ్లు లాకరు తెరిచి అమ్మమ్మల నగలు పెట్టుకుని వెళ్లేవారు. ఇప్పుడు దొంగల భయమంటున్నారు. కనీసం ఇంట్లో పేరంటానికైనా తీయండమ్మా, మనవరాళ్లు చూస్తారు.

7. కడగడం. ఉత్త బంగారానికి కుంకుడు రసం చాలు. లక్క పోసిన నగను నీళ్లలో ముంచొద్దు, పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. ముత్యాలకు చింతపండు పులుసు తగలనివ్వకండి, నిగ్గు చచ్చిపోతుంది. దారం వదులైతే కొత్త పట్టుదారంతో గుచ్చించి, ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేయించండి. తెగినా ఒక్కటే రాలుతుంది.