నాకూ చెప్పండి

ఆమె అంగన్‌వాడీలో ఆయమ్మ. వయసు 44 ఏళ్ళు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలుస్తారు. పొద్దున్నే కేంద్రం ఊడుస్తుంది. పిల్లలకు అన్నం, పప్పు వండుతుంది. గుడ్లు ఉడకబెడుతుంది. పొద్దుగూకాక రాత్రి బడికి పోతుంది. రెండేళ్ళలో చదవడం నేర్చుకుంది. బస్సు బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన పొదుపు ఎంతో తానే చూసుకుంటుంది.

మూడు నెలలుగా ఆమెకు తలనొప్పి. నిద్ర లేచేసరికే తల పగిలిపోతున్నట్టు ఉండేది. ఒక్కోసారి వాంతి అయ్యేది. "పైత్యం చేసిందే" అంది అత్త. అల్లం రసం ఇచ్చింది. ఆయమ్మ కొట్లో తలనొప్పి బిళ్ళ కొనుక్కుని మింగేది. మళ్ళీ పనిలో పడేది. ఆడవాళ్ళ తలనొప్పిని ఎవరు లెక్కచేస్తారు? ఆడవాళ్ళే లెక్కచెయ్యరు.

ఒకరోజు కేంద్రంలో గుడ్లు వలుస్తోంది. కుడిచెయ్యి దానంతటదే కొట్టుకోసాగింది. తర్వాత ఒళ్ళంతా కొట్టుకుంది. ఆయమ్మ కింద పడిపోయింది. నోటివెంట నురగ వచ్చింది. పిల్లలు ఏడ్చారు. జనం మూగారు. ఒకాయన తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకామె నోట్లో చెంచా పెట్టబోయింది. "గాలి సోకింది" అన్నారు ఎవరో.

నర్సమ్మ ఆరోజు టీకాలు వెయ్యడానికి వచ్చింది. "జరగండి. ముందు ఆమెకు గాలి రానివ్వండి" అంది. ఆయమ్మను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టింది. తల కింద మడత పెట్టిన చీర ఉంచింది. "నోట్లో ఏమీ పెట్టకూడదు. పళ్ళు విరుగుతాయి. ఊపిరి ఆడదు. తాళాలతో ఫిట్స్ ఆగవు. చాలాసార్లు వాటంతట అవే ఆగుతాయి" అని చెప్పింది. గడియారం చూసింది. రెండు నిమిషాలకు ఆగాయి.

"5 నిమిషాలు దాటినా ఆగకపోతే చాలా ప్రమాదం" అంది నర్సమ్మ. "ఈ వయసులో మొదటిసారి ఫిట్స్ వస్తే ఊరుకోకూడదు. తల స్కాన్ తీయించాలి." 108కి ఫోను చేసింది. బండి వచ్చింది. ఆయమ్మను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ మొదట సీటీ స్కాన్ తీశారు. తర్వాత ఎమ్మారై స్కాన్ తియ్యాలన్నారు. ఎమ్మారై యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఒంటి మీద ఇనుము గానీ, ఏ లోహం గానీ ఉండకూడదు. పిన్నులు, ముక్కుపుడక, మెట్టెలు తీశారు. "పుస్తెలు కూడా తియ్యాలమ్మా" అన్నాడు స్కాన్ అబ్బాయి. ఆయమ్మ గుండె ఝల్లుమంది. అత్త ఊరుకోలేదు. బయటికి పోయి పసుపుతాడు, పసుపుకొమ్ము కొనుక్కొచ్చింది. తానే కోడలి మెడలో కట్టింది. "పసుపుకొమ్ముకు అయస్కాంతం అంటదులే, పో" అంది. యంత్రం లోపల డబడబమని చప్పుడు. అరగంట కదలకుండా పడుకోవాలి. నొప్పి మాత్రం ఉండదు.

స్కాన్ చూసి డాక్టరమ్మ ఆయమ్మ భర్తను పిలిచింది. ఆయన గదిలోంచి వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

"ఏంటంటయ్యా?" అని అడిగింది ఆయమ్మ.

"ఏం లేదులే. తల్లో కొంచెం వాపు. మందులతో పోద్దంట" అన్నాడు.

తర్వాత వరండాలో కూతురితో అన్నాడు. "మీ అమ్మకు చెప్పమాక. పెద్ద జబ్బని తెలిస్తే బెంగతోనే సగం చచ్చిపోద్ది." మూడు రోజులు అందరూ గోడ చాటున మాట్లాడుకున్నారు. ఆయమ్మ వస్తే నోరు మూసుకున్నారు.

నాలుగో రోజు నర్సు ఒక కాగితం తెచ్చింది. "ఇక్కడ ఇంటాయన సంతకం కావాలి" అంది. కాగితం మంచం మీద పెట్టి పెన్ను కోసం వెళ్ళింది. ఆయమ్మ కాగితం తీసుకుంది. తెలుగులోనే ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది. మె-ద-డు-లో క-ణి-తి. ఆ-ప-రే-ష-న్. ప్రా-ణా-పా-యం. ఆ మాట దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"తల నాది. ముందు నాకు చెప్పొద్దా?" అంది భర్తతో. "మీరు గుసగుసలాడుతుంటే నేను చచ్చిపోతున్నానేమో అనుకున్నా. ఆ డాక్టరమ్మను పిలువు. నేనే అడుగుతా."

డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "తప్పకుండా అడగండమ్మా" అంది.

"కణితి అంటే ఏంటమ్మా?"

"మన ఒళ్ళంతా కణాలే. కంటికి కనపడవు. పాతవి పోతుంటాయి. కొత్తవి పుడుతుంటాయి. ఒక్కోచోట అదుపు లేకుండా పెరిగి ముద్ద కడతాయి. అదే కణితి. గడ్డ అంటాం. కడుపులో గడ్డ పెరిగితే కడుపు సాగుతుంది. పుర్రె సాగదు గదా! లోపల మెదడు నలుగుతుంది. అందుకే తలనొప్పి, వాంతులు, ఫిట్స్. మీ గడ్డ ఎడమవైపు ఉంది. మెదడు ఎడమభాగం కుడిచేతిని కుడికాలిని నడుపుతుంది. అందుకే ముందు కుడిచెయ్యి కొట్టుకుంది."

"క్యాన్సరా?"

"స్కాన్ చూస్తే మెనింజియోమా అనిపిస్తోంది. అది మెదడు మీద ఉండే పొరలో పుడుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. చాలావరకు క్యాన్సర్ కాదు. మెల్లగా పెరుగుతుంది. అయినా తీసిన ముక్కను పరీక్షకు పంపాకే గట్టిగా చెప్పగలను."

అన్ని కణితులూ ఇలాంటివి కావు. కొన్ని క్యాన్సర్ గడ్డలు. వాటికి ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టాలి. మందులు వాడాలి. కొన్ని ఎన్ని చేసినా పూర్తిగా పోవు. ఆ మాట కూడా రోగికి తెలియాల్సిందే. మరో సంగతి. తలనొప్పి వచ్చిన ప్రతివాళ్ళకూ గడ్డ ఉండదు. దాదాపు అందరి తలనొప్పులకూ వేరే కారణాలే ఉంటాయి. కానీ కొత్తగా మొదలై రోజురోజుకూ పెరిగే తలనొప్పి, పొద్దున్నే వాంతి, చూపు మసకబారడం, ఒకవైపు పట్టు తప్పడం, మాట తడబడడం ఉంటే డాక్టరుకు చూపించాలి.

"నేను చచ్చిపోతానా?" ఆయమ్మ నేరుగానే అడిగింది.

డాక్టరమ్మ కూడా నేరుగానే చెప్పింది. "ప్రమాదం లేదని చెప్పను. రక్తం పోవచ్చు. కుడిచేతి పట్టు తగ్గొచ్చు. మాట కొన్నాళ్ళు తడబడొచ్చు. చాలామంది కోలుకుంటారు. ఆపరేషన్ వద్దంటే గడ్డ ఇంకా పెరుగుతుంది. అప్పుడు ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ."

"ఆపరేషన్ ఎవరు చేస్తారు?" అని అడిగింది అత్త. "నేనే" అంది డాక్టరమ్మ. అత్త నోరు తెరిచింది. ఇందులో వింత లేదు. మద్రాసులో టి.ఎస్. కనక అనే డాక్టరమ్మ 1968లోనే మెదడు ఆపరేషన్ల పెద్ద చదువు పూర్తిచేసింది. మన దేశంలో ఆ పని చేసిన తొలితరం ఆడవాళ్ళలో ఆమె ఒకరు.

ఖర్చు గురించి భర్త భయపడ్డాడు. పొలం అమ్మాలనుకున్నాడు. అవసరం రాలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం మొదలయింది. తెలంగాణలో ఇప్పటికీ అదే పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మెదడు ఆపరేషన్ అందులో ఉంది. అప్పు చెయ్యకముందే ఆసుపత్రిలో ఆ పథకం వాళ్ళ బల్ల ఎక్కడుందో అడగాలి.

"ఒక్క రాత్రి ఆలోచించుకుంటా" అంది ఆయమ్మ. ఆ రాత్రి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. సంఘం వాయిదా ఏ తారీకున కట్టాలో చెప్పింది. గ్యాసు పుస్తకం ఎక్కడుందో చెప్పింది. ఎవరికి ఎంత ఇవ్వాలో రాయించింది. కూతురు ఏడ్చింది. ఆయమ్మ కూడా ఏడ్చింది. తెల్లారి కాగితం మీద తానే సంతకం పెట్టింది.

"నొప్పి తెలుస్తుందా?" అన్నది ఆమె చివరి ప్రశ్న. ఆమెకు పూర్తి మత్తు ఇచ్చారు. కొందరికి మెలకువగా ఉంచే చేస్తారు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. తల చర్మానికి నొప్పి ఉంది. అక్కడ మత్తు సూది వేస్తారు. మెదడుకు మాత్రం నొప్పి తెలియదు. మాటకో, చెయ్యి కదలికకో సంబంధించిన చోట గడ్డ ఉంటే, రోగి చేత మాట్లాడిస్తూ, చెయ్యి కదిలిస్తూ గడ్డ తీస్తారు. మాట తడబడితే డాక్టరు అక్కడ ఆగుతాడు. 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 60 ఏళ్ళ మహిళకు ఇలాగే చేశారు. ఆమె చిరంజీవి అభిమాని. 'అడవి దొంగ' సినిమా చూపిస్తూ గడ్డ తీశారు. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మరో మహిళ 'అదుర్స్' సినిమా చూస్తుండగా చేశారు. రెండూ సర్కారు ఆసుపత్రులే.

ఆయమ్మకు జుట్టు తీశారు. పుర్రె ఎముకను చిన్న మూతలాగా కోసి తెరిచారు. గడ్డ తీశారు. మళ్ళీ ఆ ఎముకనే పెట్టి బిగించారు. 5 గంటలు పట్టింది.

మెలకువ వచ్చాక నర్సు గంటగంటకూ అడిగింది. "పేరేంటమ్మా? ఇది ఏ ఊరు? చెయ్యి ఎత్తండి." కళ్ళు వాచి మూసుకుపోయాయి. అది చూసి భర్త భయపడ్డాడు. నాలుగు రోజుల్లో వాపు తగ్గింది. కుడిచెయ్యి మెల్లగా లేచింది. మాటే సరిగా రాలేదు. గరిటెను దువ్వెన అంది. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. కూతురు రాత్రి బడి వాచకం తెచ్చింది. రోజూ ఒక పేజీ పైకి చదివించింది. అత్త చేటలో బియ్యం పోసి ముందు పెట్టింది. "కుడిచేత్తో రాళ్ళు ఏరు" అంది. వేళ్ళకు అదే వ్యాయామం.

పది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. "అయినా మళ్ళీ పెరగొచ్చు. చెప్పినప్పుడల్లా స్కాన్‌కు రావాలి" అంది డాక్టరమ్మ. ఇంటికి పంపేటప్పుడు ఇంకా చెప్పింది. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నీరు కారినా, మళ్ళీ ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా వెంటనే రావాలి. ఫిట్స్ బిళ్ళ ఒక్కపూట కూడా మానకూడదు. బావి దగ్గరికి, చెరువుకు, పొయ్యి దగ్గరికి ఒంటరిగా పోకూడదు.

ఇంటికొచ్చాక పక్కింటి వదిన అంది. "ఆపరేషన్ అయిపోయిందిగా వదినా! ఇంకా బిళ్ళలెందుకు? వేడి చేస్తాయి." సంక్రాంతి పనుల్లో బిళ్ళలు అయిపోయాయి. మూడు రోజులు ఎవరూ తేలేదు. నాలుగో రోజు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. ఈసారి ఇంట్లోవాళ్ళు తాళాలు వెతకలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూశారు. ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆనాటినుంచి ఆయమ్మ గోడ క్యాలెండరు మీద రెండు పూటలా గుర్తు పెట్టుకుంటోంది. వారం రోజుల బిళ్ళలు మిగిలి ఉండగానే భర్త సైకిలు తీస్తాడు.

అన్నిటికన్నా కష్టం అలసట. పైకి గాయం మానింది. జుట్టు మొలిచింది. చూసినవాళ్ళు "బాగానే ఉన్నావుగా" అనేవాళ్ళు. ఇల్లు ఊడిస్తే మాత్రం రెండు గంటలు పడుకోవాల్సి వచ్చేది. భర్త అన్నం వండడం నేర్చుకున్నాడు. మొదట్లో మాడ్చాడు. అత్త కసిరింది. ఆయమ్మ తింది.

ఐదు నెలలకు కేంద్రానికి మళ్ళీ పోతోంది. పిల్లలకు వడ్డిస్తుంది. పాటలు పాడిస్తుంది. గుడ్లు వలుస్తుంది. పొయ్యి వెలిగించేది మాత్రం టీచరమ్మే.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఫిట్స్ వచ్చినవాళ్ళకు ఏం చేస్తున్నారు?
జబ్బు సంగతి రోగికి చెప్పకుండా దాచడం మీ ఇళ్ళల్లో జరిగిందా? ఎందుకు దాచారు?
ఆయమ్మ డాక్టరమ్మను ఏమేం అడిగింది? మీరైతే ఇంకేం అడిగేవాళ్ళు?