మీ తప్పెంతో ముందు తేల్చుకోండి

ఆఫీసులో పొద్దున్నే మేనేజరు మీకేసి చూడకుండా వెళ్లిపోయాడు. టీ వేళకల్లా ‘నా మీద గుర్రుగా ఉన్నాడు’ అని తీర్మానించేశారు. ఆగండి. ఒక్క చూపుతో తేల్చేసే జబ్బుకి మందు కావాలంటే ఓ చలికాలం రాత్రి డాబా ఎక్కండి.

అదిగో, ఎర్రగా ఆర్ద్ర నక్షత్రం. దాని వెలుగు మారుతుంటుంది. పెద్దగా మారని పొరుగు చుక్కలతో పోల్చి దాన్ని కొలుస్తారు. వెలుగు లెక్కలో ప్రోసియాన్ 0.4, రోహిణి 0.9. ఆర్ద్ర నడిమధ్యన అనిపిస్తే 0.6 అనో 0.7 అనో రాసుకుంటాం. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఈ తిరకాసు పాత గ్రీకుల చలవ. మర్నాడు 0.8 అనిపించింది. చుక్క మసకబారిందా? ఏమో! కంటి అంచనాలో 0.2 తేడా మామూలే.

ఎర్ర చుక్కని అదేపనిగా చూస్తే మరింత వెలుగుగా తోస్తుంది. చప్పున చూసి చూపు తిప్పేయాలి. నిన్నటి అంకె చదివి కూర్చుంటే కన్ను దానికే తాళం వేస్తుంది. నోటుబుక్కు మూసి చూడాలి.

నాలుగుసార్లు విడివిడిగా చూసి సగటు తీస్తే, అటూ ఇటూ ఊగే తప్పు సగానికి తగ్గుతుంది. ఎప్పుడూ ఒకేవైపు లాగే తప్పు నాలుగొందలసార్లు చూసినా తగ్గదు. ‘నన్నెవరూ లెక్కచేయరు’ అనుకుంటూ ఇల్లు కదిలినవాడికి రోజూ సాక్ష్యాలు దొరుకుతూనే ఉంటాయి!

చుక్కల్ని కెమెరాతో కొలిచేవాళ్లు ఇలాంటి తప్పు పట్టడానికో కిటుకు పెట్టుకున్నారు. పక్కనే మారని చుక్క ఇంకోటి ఎంచుకుని దాన్నీ అలాగే కొలుస్తారు. అదీ మారినట్టు కనిపిస్తే లోపం మబ్బుదో కెమెరాదో. మీకూ అలాంటి చుక్క ఒకటుండాలి. పదేళ్లుగా ఒకేలా ఉన్న స్నేహితుడి మాట కూడా ఇవాళ గుచ్చుకుంటోందా? రాత్రి సరిగ్గా నిద్రపోయారో లేదో చూసుకోండి.

చుక్కల్ని ఇలా అంచనా కట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మెట్రిక్ మూడుసార్లు తప్పిన రాధాగోవింద చంద్ర, నాటి బెంగాల్‌లోని జెస్సోర్ ఖజానాలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, జీవితకాలంలో 37 వేలకు పైగా ఇలాంటి అంచనాలు రాశాడు.

తప్పెంతో తెలిస్తే నోరు మూతపడుతుందనుకోకండి. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర 1.6 దాకా దిగింది. అంత తేడాని ఉత్త కంటితో చూసినవాళ్లు కూడా ధీమాగా చెప్పొచ్చు.

మేనేజరు సంగతంటారా? తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఇంకా మూడు పరిశీలనలు కావాలి.