సంఘ్ కార్యకర్త నుంచి దేవాదాయ మంత్రి దాకా: పైడికొండల మాణిక్యాలరావు
(పోటీ పరీక్షల ప్రత్యేకం)

ఆర్‌ఎస్‌ఎస్ స్వయంసేవక్. బీజేపీ తరఫున 2014లో తాడేపల్లిగూడెం ఎమ్మెల్యే. 2014 జూన్ 8న చంద్రబాబు మంత్రివర్గంలో ప్రమాణం, శాఖ దేవాదాయం. ఆయన హయాంలోనే రెండు పుష్కరాలు: గోదావరి (2015 జులై), కృష్ణా (2016 ఆగస్టు). ఏళ్లు తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.

రాజీనామా: 2018 మార్చి. తోడుగా వైదొలగిన మరో బీజేపీ మంత్రి కైకలూరు ఎమ్మెల్యే కామినేని శ్రీనివాస్ (వైద్య ఆరోగ్యం). మరణం: 2020 ఆగస్టు 1, కోవిడ్‌తో.

అసలు మార్కులు దేవాదాయ చట్టంలో ఉన్నాయి. అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడైనా, తిరుమలైనా వర్తించేది 1987 నాటి 30వ చట్టమే. టీటీడీకి వేరే చట్టం ఉందనుకోవడం అభ్యర్థులు తరచూ పడే గుంట. వంశపారంపర్య అర్చకత్వ రద్దును సుప్రీంకోర్టు సమర్థించింది 1996లో, నారాయణ దీక్షితులు కేసులో.

అధికరణ 25(2)(ఎ): మతాచారంతో ముడిపడిన లౌకిక కార్యకలాపాలపై రాజ్య నియంత్రణ. అధికరణ 26: మతశాఖల నిర్వహణ హక్కు. ఈ రెండింటినీ జతపరచమనే ప్రశ్న ఖాయమనుకోండి.

అధికరణ 164(1): ముఖ్యమంత్రి సలహాపై గవర్నర్ మంత్రులను నియమిస్తారు. 164(1ఎ), 91వ సవరణ, 2003: 15 శాతం పరిమితి. 175 స్థానాల ఏపీలో ముఖ్యమంత్రితో కలిపి 26.