కార్బన్ ఉక్కు కొడవలి: కఠినీకరణ, టెంపరింగ్

వరికోత యంత్రాలు విస్తరించినప్పటికీ పడిపోయిన చేలలోను, చిన్న కమతాలలోను, పశుగ్రాసపు కోతలోను కొడవలి అవసరం తీరలేదు. అలుగు మెత్తబడితే కోసేవారు ప్రతి పిడికిలికీ అదనపు బలం వెచ్చించవలసి వస్తుంది. పెళుసైతే విరిగిన ముక్క చేతికో కంటికో తగులుతుంది. ఈ రెండు లోపాలకూ మూలం చాలావరకు ఉష్ణోపచారంలోనే ఉంటుంది. పిడి ఆకృతి గురించి చర్చించినంతగా అలుగు లోహం గురించి విస్తరణ శిక్షణలలో చర్చించకపోవడం సమంజసం కాదు.

ముందుగా లోహాన్ని గుర్తించాలి. మైల్డ్ స్టీలులో కార్బన్ 0.25 శాతానికి మించదు. దానిని ఎంత కాల్చి ముంచినా కోతకు చాలినంత గట్టిపడదు. కమ్మరులు ఎక్కువగా వాడే లారీ కమాను పట్టీలలో సుమారు 0.5 నుండి 0.6 శాతం కార్బన్‌తో పాటు సిలికాన్, మాంగనీస్ లేదా క్రోమియం ఉంటాయి. ఈ మూలకాల వలన ఆ ఉక్కు నూనెలో నెమ్మదిగా చల్లారినా గట్టిపడుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఊట్జ్ ఉక్కు ఖ్యాతిని మనం గర్వంగా చెప్పుకుంటాం గాని, మూసలో తయారైన ఆ ఉక్కులో కార్బన్ 1.5 శాతం వరకు ఉంటుంది. దాని పద్ధతి కమాను పట్టీకి వర్తించదు.

ఇంటి వద్ద బొగ్గుల కొలిమి, చిన్న బ్లోయరు, పట్టకారు, అయస్కాంతం, ఆకురాయి ఉంటే చాలు. అలుగును నీడలో కాల్చాలి. ఎండలో లోహపు రంగు తక్కువగా కనిపించి కాక మితిమీరుతుంది. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానుతుంది. అక్కడి నుండి రంగు మరొక్క ఛాయ పెరిగే వరకు, అంటే 800 నుండి 830 డిగ్రీల మధ్యకు తెచ్చి, అలుగంతా సమంగా కాగనివ్వాలి. కాక 900 దాటితే లోహపు రేణువులు పెద్దవై పెళుసుదనం వస్తుంది. ఎక్కువసేపు గాలి తగిలితే ఉపరితలంలోని కార్బన్ కాలిపోతుంది. అందుచేత ఈ దశలో అంచును పూర్తిగా సన్నం చేయక, ఒక మిల్లీమీటరు మందం మిగల్చాలి.

చల్లార్చే దశలో ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారి ఘనపరిమాణం పెరుగుతుంది. సన్నని అంచు ముందుగా, మందమైన వెన్ను ఆలస్యంగా మారడంతో లోపల ఒత్తిడి పుడుతుంది. నీటిలో ఈ తేడా తీవ్రం. కక్కుల మొదళ్ల వద్ద పగుళ్లు అందుకే వస్తాయి. కమాను పట్టీకి 50 నుండి 60 డిగ్రీల వరకు వేడిచేసిన వంటనూనె శ్రేయస్కరం. చన్నీటి కంటే వేడినీరు నెమ్మదిగా చల్లారుస్తుందన్న అనుభవంతో నూనెనూ చల్లగానే వాడాలని కొందరు భావిస్తారు. నిజానికి వెచ్చని నూనె పలచబడి అలుగును బాగా తడుపుతుంది. అలుగును ముంచి పైకీ కిందికీ కదపాలే గాని పక్కలకు ఊపరాదు, వంకర తిరుగుతుంది. నూనెను ఇనుప పాత్రలో పోసి మూత సిద్ధంగా ఉంచుకోవాలి. మంట లేస్తే నీరు చల్లకూడదు. వాడేసిన ఇంజను నూనె పొగ హానికరం.

చల్లారిన అంచుపై ఆకురాయి కరవకుండా జారితే గట్టిపడినట్లు. పైపొర కరిచినా లోపల జారితే పైన కార్బన్ పోయినదని అర్థం. చాలామంది పని ఇక్కడితో ముగిసిందనుకుంటారు, అలుగులు విరగడానికి ప్రధాన కారణం ఇదే. ముంచిన గంటలోపే టెంపరింగ్ చేయాలి. అలుగును మెరిసేలా రుద్ది, పిడి బిగించక ముందే, ఇంటి ఓవెన్‌లో 220 డిగ్రీల వద్ద గంటసేపు చొప్పున రెండుసార్లు ఉంచితే ఎండుగడ్డి రంగు వస్తుంది. ఇది కూరగాయల కత్తికి చాలు. కొడవలికి 250 డిగ్రీల దాపున వచ్చే గోధుమ రంగు ఉచితం. మోడులు కొట్టే మచ్చుకత్తికి 280 డిగ్రీల ఊదారంగు వరకు పోవచ్చు, కొంత కాఠిన్యం తగ్గినా దెబ్బను తట్టుకొంటుంది. ఓవెన్ సూచికను పూర్తిగా నమ్మక ఉష్ణమాపకంతో సరిచూడాలి.

కక్కులు అరిగిన కొడవలిని ఎర్రగా కాల్చి, మెత్తబరచి మళ్లీ కొట్టించడం వాడుక. ఆ తర్వాత కఠినీకరణ, టెంపరింగ్ రెండూ తిరిగి జరగకపోతే కొత్త కక్కులు కొద్ది రోజులకే అరుగుతాయి. కరెంటు సానపై పదును పెట్టేటప్పుడు అంచు నీలిరంగుకు తిరిగితే అక్కడ కాక 300 డిగ్రీలకు చేరినట్లు, అంటే టెంపరింగ్ చెడినట్లు. ఆ భాగాన్ని అరగదీసి తొలగించాలి, లేదా అలుగును మొదటి నుండి కాల్చుకోవాలి. సానపట్టేటప్పుడు రెండు మూడు ఒరపిళ్లకు ఒకసారి నీటిలో ముంచితే ఈ అవసరం రాదు.